చిట్టా ముందు, ఆవర్జా తర్వాత

ఖమ్మం నుంచి కొత్తగూడెం పోయే దారిలో, జూలూరుపాడు లాంటి మండల కేంద్రంలో పత్తి కొనే వ్యాపారికో, ఎరువుల దుకాణానికో, రైతు సంఘానికో చిన్న యాప్ ఒకటి రాసిపెట్టమని అడిగితే, ఇంజినీరింగ్ చదివిన మన పిల్లల నోట మొదట వచ్చే మాట ‘ఏ డేటాబేస్ వాడదాం?’ అని. వెంటనే పేర్ల వాదన మొదలవుతుంది. మాంగోడీబీ అని ఒకరు, ఫైర్‌బేస్ అని ఒకరు, పోస్ట్‌గ్రెస్ అని ఇంకొకరు. ఎవరు కోచింగ్‌లో ఏది నేర్చుకుంటే వాళ్లు దాన్ని వెనకేసుకొస్తారు. నిజానికి అది రెండో ప్రశ్న. అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఈ యాప్ దేన్ని మరిచిపోతే కొంప మునుగుతుంది? ఏ రెండు లెక్కలు ఒకదానితో ఒకటి తేడా రాకూడదు? వీటికి జవాబు తెల్లకాగితం మీద పెట్టగలిగితే డేటాబేస్ పేరు చాలావరకు దానంతటదే తేలిపోతుంది. పెట్టలేకపోతే ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ తెచ్చినా సంక్రాంతి నాటికి రైతు చీటీ పట్టుకుని వచ్చి ‘ఇందులో ఈ కోత ఏంది?’ అని అడుగుతాడు. చెప్పడానికి మీ తెరమీద ఏమీ ఉండదు.

ఈ రెండు ప్రశ్నలకు మన పాత షావుకార్లు ఎప్పుడో జవాబు కనిపెట్టారు. ఎర్రగుడ్డ అట్ట వేసిన పుస్తకాలు రెండుండేవి. చిట్టాలో జరిగింది జరిగిన వరుసలో రాస్తారు, ఒక్కో లావాదేవీకి ఒక్కో పద్దు. ఆవర్జాలో ఒక్కో ఖాతాదారుకు ఒక్కో పేజీ. చిట్టాలోని పద్దులను పొద్దుగూకాక ఎవరి పేజీలోకి వాళ్లవి ఎత్తి రాస్తారు. ఫలానా ఆయన ఎంత బాకీ అని చూడాలంటే ఆవర్జా తిప్పితే చాలు. ఆవర్జాను చెదలు తిన్నా పరవాలేదు, చిట్టా ఉంటే కూర్చుని మళ్లీ రాసుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆవర్జాలోని అంకె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే నాథుడుండడు. చిట్టాలో తప్పు పడితే చెరిపెయ్యరు. కింద ఇంకో పద్దు వేసి సరిచేస్తారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పుస్తకాలు ‘ఈవెంట్ లాగ్’ అంటూ పెద్ద పేరుతో చెప్పే పద్ధతి దీనికి దగ్గరి చుట్టమే. మనవాళ్లు రాసే యాప్‌లలో ఎక్కువగా కనిపించే పొరపాటు ఆవర్జా ఒక్కటే పెట్టుకోవడం. రైతు పేరు, పక్కన బాకీ రూ. 42,300. డబ్బు కట్టగానే ఆ అంకె మీద కొత్త అంకె రాసేస్తారు. పాతది ఎటుపోయిందో కంప్యూటర్‌కే తెలీదు.

పత్తి తక్‌పట్టీనే, అంటే కొనుగోలు చీటీనే తీసుకోండి. తేదీ, రైతు పేరు, ఊరు, బస్తాలు, కాంటా బరువు, తరుగు, తేమ శాతం, క్వింటా ధర, హమాలీ, చేతికొచ్చేది. అరచేయంత కాగితం మీద పది సంగతులు. కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (సీసీఐ) కొనుగోళ్లలో తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, ఆపైన 12 శాతం వరకు శాతానికింత చొప్పున కోత, 12 దాటితే కొనరు. 2025-26కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు రూ. 8,110. మీ యాప్ చివరి మొత్తం ఒక్కటే దాచుకుంటే, డబ్బు తగ్గింది తేమ వల్లా, తరుగు వల్లా, ధర వల్లా అని ఎవరూ తేల్చలేరు. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకొకటుంది. ‘ఒక సంగతిని రెండుచోట్ల రాయొద్దు’ అని కాలేజీలో నేర్పారు కదా అని, ధరను వేరే పట్టికలో ఒక్కచోటే పెట్టి ప్రతి చీటీనీ అక్కడికి ముడివేస్తారు. వచ్చే ఏడు మద్దతు ధర మారగానే నిరుటి చీటీలన్నీ కొత్త ధరతో లెక్క చూపిస్తాయి. ఈనాటి ధర ఒక సంగతి, ఆనాడు ఈ రైతుకు కట్టిన ధర వేరే సంగతి. రెండింటి అంకె ఒకటైనంత మాత్రాన రెండూ ఒకటి కావు. చీటీలో ధర చీటీలోనే ఉండాలి.

కాలేజీలో నేర్పిన ఆ నియమం తప్పని కాదు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రాసిన పరిశోధన పత్రంతో మొదలైన రిలేషనల్ పద్ధతికి ప్రాణం అదే. దాని విలువ మన ప్రాంతానికి అర్థమైనంతగా ఇంకెవరికీ కాదేమో. 2014లో రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు పేరుతో భద్రాచలం చుట్టుపక్కల కూనవరం, చింతూరు, కుక్కునూరు లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చి జూలూరుపాడు ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారింది. రెండున్నరేళ్లలో ఊళ్లు కదలకుండానే జిల్లాలు కదిలాయి, కొన్నిచోట్ల రాష్ట్రమే కదిలింది. ప్రతి రైతు పద్దులోనూ ‘ఖమ్మం జిల్లా’ అని అక్షరాలతో రాసుకున్నవాళ్లు వేల పద్దులు దిద్దుకోవాలి, అందులో కొన్ని మిగిలిపోతాయి కూడా. ఊరికి ఒక సంకేత సంఖ్య ఇచ్చి, ఊరు ఏ మండలం, మండలం ఏ జిల్లా అన్నది ఒకేచోట రాసుకున్నవాళ్లకు దిద్దాల్సింది ఒక్క వరుస. అయితే 2015లో ఇచ్చిన రసీదును ఇవాళ మళ్లీ అచ్చు తీస్తే అందులో ఏ జిల్లా ఉండాలి? ఖమ్మమే ఉండాలి. కాబట్టి ఆ ఒక్క వరుసను కూడా చెరిపి రాయకూడదు. ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్న రెండు తేదీలతో కొత్త వరుస చేర్చాలి. చిట్టా సూత్రమే మళ్లీ.

ఇంత గొడవ ఎందుకు, ఎక్సెల్ షీటు చాలదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక్కరే రాసి, ఒక్కరే చూసుకునే లెక్కకు చాలు, డేటాబేస్ పెట్టడం దండగ కూడా. చిక్కు ఎక్కడంటే, ఎక్సెల్ మీరు రాసినదాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంటుంది. సర్వే నంబరు 5/2 అని కొట్టండి, ఎంటర్ నొక్కగానే అది తేదీ అయిపోతుంది. ఇది మనకొక్కరికే వచ్చిన తిప్పలు కాదు. మనిషి జన్యువుల్లో కొన్నింటి పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని విసిగి, 2020లో శాస్త్రవేత్తలు ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో కరోనా లెక్కలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించబోతే, 65,536 వరుసలకు మించి పట్టక 15,841 కేసులు కొన్ని రోజులపాటు లెక్కలోకి రాకుండా పోయాయి. నింపిన వాళ్లకు ఏ హెచ్చరికా రాలేదు.

భూమి కొలతలో ఇంతకన్నా మెత్తటి ఉచ్చు ఉంది. తెలంగాణలో 1.30 అని రాస్తే ఒక ఎకరం ముప్పై గుంటలు. నలభై గుంటలు ఎకరం కాబట్టి అది ఎకరం ముప్పావు. అలాంటి చెక్కలు రెండున్న రైతుకు మూడున్నర ఎకరాలున్నట్టు, అంటే 3.20. కంప్యూటర్‌కు ఇది దశాంశం, 1.30కి 1.30 కలిపి 2.60 అని చెబుతుంది. ఎకరానికి 7 క్వింటాళ్ల చొప్పున కొనాలని ఎక్కడైనా పరిమితి పెట్టారనుకోండి, 24.5 క్వింటాళ్లు అమ్ముకోవాల్సిన మనిషి 18.2 దగ్గర ఆగిపోతాడు. సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళ్తే ఎకరాకు వంద సెంట్లు, అక్కడ అదే 1.30 వేరే భూమి. అందుకే విస్తీర్ణాన్ని మొత్తం గుంటల్లో పూర్ణసంఖ్యగా దాచండి: 70. బరువును గ్రాముల్లో, డబ్బును పైసల్లో. తెరమీద చూపేటప్పుడు ఎకరాలు గుంటలుగా విడగొట్టుకోవచ్చు. ఏ డేటాబేస్ కొన్నా ఈ తెలివి దానితోపాటు రాదు. పేర్లూ అంతే. బానోతు, భూక్యా, ధరావత్ ఇంటిపేర్లున్న తండాల్లో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు తేలడం వింతేమీ కాదు. పేరును గుర్తుగా పెట్టుకున్న యాప్ ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో జమ చేస్తుంది. మనిషికి మీ యాప్ తనదైన సంఖ్య ఇచ్చుకోవాలి.

ఏ గడి ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న నిర్ణయం బతుకుల మీద ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణికి మించిన ఉదాహరణ లేదు. 2020 అక్టోబర్ 29న మొదలైన ఆ పోర్టల్ ఒక మంచి పని చేసింది. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, పట్టా మార్పిడి ఇంకో ఆఫీసులో. రెండు పుస్తకాల మధ్య నెలల తేడా. ఆ సందులోనే ఒకే భూమిని ఇద్దరికి అమ్మడాలు, చేతులు తడపడాలు. ధరణి రెండింటినీ తహసీల్దార్ ఆఫీసులో ఒకే విడతలో అయ్యేలా చేసింది. డేటాబేస్ భాషలో దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు: అయితే రెండూ అవుతాయి, లేకపోతే రెండూ కావు. అదే ధరణి పాత పహాణీలోని అనుభవదారు గడిని తీసేసింది. పట్టాదారు ఎవరన్నది ఉంది, భూమిలో ఎవరున్నారన్నది లేదు. కౌలుదారు, సాదా బైనామా మీద కొనుక్కున్నవాడు, ఏళ్లుగా దున్నుకుంటున్నవాడు, వీళ్లు కాగితం మీద మాయమయ్యారు. దీన్ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: ఆ గడిలో పైరవీతో పేర్లు ఎక్కించి అసలు హక్కుదారును ముప్పుతిప్పలు పెట్టిన సందర్భాలున్నాయి కనుక తీసెయ్యడమే శుభ్రం అన్నారు. కానీ గడిలో తప్పుడు రాతలు పడుతున్నాయంటే ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో రాశారన్న మూడు గడులు పక్కన చేర్చాలి. గడినే తీసేస్తే తగాదా పొలంలోనే ఉంటుంది, రికార్డు నుంచి మాత్రం పోతుంది. తర్వాత ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది, తప్పులు పడితే అప్పీలు చేసుకునే దారి చట్టంలో మళ్లీ పెట్టారు. ప్రయోగంగా మొదలుపెట్టిన నాలుగు మండలాల్లో ఒకటి మన పక్కనున్న నేలకొండపల్లి. దిద్దుబాటుకు దారి లేని పట్టిక ఎంత వేగంగా పనిచేసినా చివరికి చట్టం మార్చి దిద్దుకోవాల్సి వస్తుందని దీన్నిబట్టి అనుకోవచ్చు.

అడవి అంచున ఇంకో రకం హక్కు ఉంది, అది రెవెన్యూ పట్టా అచ్చులో ఇమడదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చే పోడు పట్టా వారసులకు సంక్రమిస్తుంది, అమ్మడానికి వీల్లేదు. పెళ్లయినవాళ్లకు భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. నాలుగు హెక్టార్లకు మించకూడదు. 2023 జూన్ 30న తెలంగాణలో ఈ పట్టాల పంపిణీ పెద్దయెత్తున మొదలైంది. ఈ సమాచారానికి యాప్ రాసేవాడు ‘యజమాని’ అని ఒకే గడి పెట్టాడంటే ఆ క్షణాన భార్య పేరు పోయినట్టే. భూమికి, మనిషికి మధ్య ‘హక్కు’ అని వేరే పట్టిక పెట్టి, ఒక భూమికి ఇద్దరు హక్కుదారులు ఉండేలా చూస్తే చట్టం చెప్పింది డేటాలోనూ నిలబడుతుంది. ‘అమ్మకం’ అన్న రకం ఆ పట్టికలోకి ఎక్కకుండా డేటాబేస్‌లోనే నిబంధన రాయొచ్చు. ఇక్కడే రిలేషనల్ డేటాబేస్‌ల బలం కనిపిస్తుంది. నిబంధన కోడ్ రాసే కుర్రాడి జ్ఞాపకశక్తి మీద ఆధారపడదు, అతను ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయినా కాపలా కాస్తూనే ఉంటుంది. జీపీఎస్‌తో కొలిచిన హద్దులు, గ్రామసభ తీర్మానం, పాత రసీదు, ఫోటో, ఇవన్నీ ఒక్కో దరఖాస్తుకు ఒక్కో రకంగా ఉంటాయి. హద్దులకు పోస్ట్‌గ్రెస్‌తో కలిసి పనిచేసే పోస్ట్‌జీఐఎస్ ఉంది. ఫోటోలను డేటాబేస్‌లో కుక్కకుండా ఫైళ్లుగా దాచి, చిరునామా మాత్రం పట్టికలో రాసుకోవాలి.

ఇక సిగ్నల్ సంగతి. అడవి అంచు తండాలో ఫోన్‌కు గీతలు వస్తూ పోతూ ఉంటాయి. కాంటా మాత్రం ఆగదు, ట్రాలీ వెనక ట్రాలీ ఉంటుంది. కాబట్టి సిగ్నల్ ఉంటేనే పనిచేసే యాప్ ఇక్కడ పనికిరాదు. చీటీ ముందు ఫోన్‌లోనే పడాలి. దానికి ఎస్‌క్యూలైట్ చాలు. రిచర్డ్ హిప్ అనే ఆయన 2000లో అమెరికా నౌకాదళం ఓడ మీద నడిచే సాఫ్ట్‌వేర్ పని చేస్తూ మొదలుపెట్టిన ఈ చిన్న డేటాబేస్ ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది, విడిగా సర్వర్ అక్కర్లేదు. అసలు చిక్కు ఫోన్‌లోది సర్వర్‌కు చేరేటప్పుడు. చీటీ పంపారు, అక్కడ చేరింది, ‘చేరింది’ అన్న జవాబు తిరిగి వచ్చేలోపు సిగ్నల్ పోయింది. ఫోన్ మళ్లీ పంపుతుంది. ఒకే ట్రాలీ పత్తి రెండుసార్లు కొన్నట్టు లెక్క. మందు తేలికే: చీటీ పుట్టినప్పుడే ఫోన్ దానికి ఇంకెవరికీ రాని సంఖ్య ఒకటి వేస్తుంది, సర్వర్‌లో ఆ సంఖ్య రెండోసారి రాకూడదని నిబంధన ఉంటుంది. ఎన్నిసార్లు పంపినా పడేది ఒక్కసారే. ఇద్దరు గుమస్తాలు రెండు ఫోన్లలో ఒకే రైతు బాకీ అంకెను మార్చితే ఎవరిది నిలవాలన్న తగాదా వస్తుంది. ఇద్దరూ చెరో చీటీ చేర్చితే తగాదాయే లేదు, రెండూ కలుస్తాయి. చిట్టా పద్ధతి ఇక్కడ మూడోసారి అక్కరకొచ్చింది. సంబంధం తెగిపోయినప్పుడు కూడా పని జరగాలా, లేక అందరికీ ఒకే లెక్క కనపడాలా, రెండింట్లో ఒకటి వదులుకోక తప్పదని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పాడు, 2002లో గిల్బర్ట్, లించ్ నిరూపించారు. పెద్ద కంపెనీలకు అది ఎప్పుడో ఒకసారి వచ్చే ఆపద. తండాలో రోజూ మధ్యాహ్నం జరిగేదే.

పెద్ద కంపెనీల మాట వచ్చింది కాబట్టి, ఎక్కువగా వినిపించే అభ్యంతరం చూద్దాం: ‘అమెజాన్ అంతటివాళ్లే రిలేషనల్ వదిలేశారు, రేపు మనం పెరిగితే?’ అమెజాన్ 2007లో తన డేటాబేస్ డైనమో గురించి ప్రచురించిన పత్రం చదివితే వాళ్లు దాన్ని ఎందుకు కట్టారో ఉంటుంది. కొనుగోలుదారు సంచిలో వస్తువు వేసుకుంటానంటే ఏ పరిస్థితిలోనూ కాదనకూడదు, అదీ వాళ్ల అవసరం. దానికి బదులుగా, తీసేసిన వస్తువు ఒక్కోసారి మళ్లీ సంచిలో ప్రత్యక్షం కావచ్చని వాళ్లే ఒప్పుకున్నారు. షాపింగ్ సంచిలో తీసేసిన సబ్బు మళ్లీ కనిపిస్తే ఇంకోసారి తీసేస్తాం. రద్దు చేసిన పత్తి చీటీ మళ్లీ బతికొస్తే? ఇక పెరగడం సంగతి. ఇరవై వేల మంది రైతులు, ఒక్కొక్కరికి సీజన్‌లో పది చీటీలు, చీటీకి ఒక కిలోబైట్ అనుకుందాం. రెండు లక్షల వరుసలు, 200 మెగాబైట్లు. పదేళ్లకు రెండు గిగాబైట్లు, చవకరకం ఫోన్‌లోనూ పడుతుంది. వంద రోజుల్లో, రోజుకు పదేసి గంటల చొప్పున కాంటాలు నడిస్తే నిమిషానికి మూడు నాలుగు చీటీలు. ఏ సాధారణ డేటాబేస్‌కైనా అది నిద్రలో చేసే పని. లేని ఏనుగుకు ముందే మావటిని పెట్టుకోనక్కర్లేదు.

రెండో అభ్యంతరానికి బరువెక్కువ: ‘ఏ గడులు కావాలో ముందే తెలియదు, అందుకే ఏదైనా పట్టే డాక్యుమెంట్ డేటాబేస్ మేలు.’ మొదటి వారం ఇది నిజంగా హాయిగానే ఉంటుంది. కానీ పట్టిక రూపం లేనంత మాత్రాన రూపమే లేకుండా పోదు, అది మీ కోడ్‌లోకి వలసపోతుంది. ఒక చీటీలో ‘తేమ’, ఇంకోదాంట్లో ‘తేమశాతం’, మూడోదాంట్లో అంకెకు బదులు ‘తొమ్మిది’ అని అక్షరాలు. సీజన్ చివర సగటు తేమ ఎంత అని అడిగితే, ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుని కోడ్ రాయాల్సింది మీరే. నిజంగా ముందుగా తెలియనివి, ఒక్కో పద్దుకు మారేవి ఉంటే వాటికి పట్టికలోనే ఒక గడి ఇవ్వండి: 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో జేసన్‌ను నేరుగా దాచి వేగంగా వెతికే వీలుంది. రైతు, బరువు, ధర, తేదీ గట్టి గడుల్లో, మిగతాది ఈ సంచీలో. వార్తాపత్రికకు, పాఠాల యాప్‌కు, సెన్సార్ల నుంచి వచ్చే రీడింగులకు ఇంకో రకం నిల్వ సరిపోవచ్చు, అక్కడ రెండు లెక్కలు కలవాల్సిన అగత్యం తక్కువ. భూరికార్డులకు బ్లాక్‌చెయిన్ పెడదామనేవాళ్లకు ఒక్క మాట: మొదట తప్పుగా ఎక్కిన సర్వే నంబరును అది కూడా భద్రంగా, చెరగకుండా, తప్పుగానే ఉంచుతుంది.

అన్నీ దాచుకోవాలని ఇంతసేపూ చెప్పి, ఆధార్ నంబర్లు, బ్యాంకు పుస్తకాల ఫోటోలు కూడా కలకాలం దాచమంటారా అని ఎవరైనా నిలదీస్తే న్యాయమే. వద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, అవసరం తీరాక మనిషి వివరాలు తీసెయ్యాలి. అందుకే చిట్టాలో మనిషిని మీరిచ్చిన సంఖ్యతోనే రాయాలి. ఆ సంఖ్య వెనకున్న ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా వేరే పట్టికలో ఉండాలి. తీసెయ్యాల్సి వస్తే ఆ పట్టికలో వరుస పోతుంది, కొన్న పత్తి లెక్క పోదు. రెండింటినీ కలగాపులగంగా ఒకే డాక్యుమెంట్‌లో పెట్టినవాళ్లకు ఒకటి తుడిస్తే రెండోది కూడా పోతుంది.

ఇవన్నీ తేలాక కూడా ఒక పని మిగులుతుంది, డేటాబేస్‌ల వాదనల్లో దాని ఊసు రాదు. రోజూ రాత్రి నకలు తీస్తున్నామని అందరూ అంటారు. ఆ నకలును ఇంకో కంప్యూటర్‌లో ఎక్కించి, నిన్నటి చీటీలు ఎన్నో లెక్కపెట్టి చూసినవాళ్లు తక్కువ. నెలకొకసారి, వీలైతే కాంటా సెలవు రోజున, పాత ల్యాప్‌టాప్ ఒకటి తీసి నకలు అందులో తెరవండి. చిట్టాలోని చీటీలన్నీ మొదటినుంచి కూడి, ఒక్కో రైతుకు వచ్చిన మొత్తం ఆవర్జాలో చూపిస్తున్న అంకెతో కలుస్తుందో లేదో చూడండి. ఒక్క రైతు దగ్గర రెండు రూపాయలు తేడా వచ్చినా ఆ రోజుకు వేరే పని పెట్టుకోవద్దు.